ఒకే పేరు మీద రెండు లైబ్రరీలు: లినక్స్ ప్యాకేజీల తయారీపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ఇబ్బందిని వేర్వేరు వైపుల నుంచి వివరించాయి. తాము తయారుచేసిన ప్యాకేజీ తమ కంప్యూటర్‌లో చక్కగా నడుస్తున్నా, వాడుకరి కంప్యూటర్‌లో ఉన్న మరో లైబ్రరీతో (ఎన్నో ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే సిద్ధమైన కోడ్‌తో) దానికి పొసగడం లేదన్నది వాటి సారాంశం. జవాబులకు ముందు ఒక్క విషయం చెప్పాలి. లైబ్రరీల ఘర్షణ అని మనం ఒకే మాటతో పిలుస్తున్నది నిజానికి మూడు చోట్ల జరుగుతుంది. డిస్కు మీద ఒకే దారిలో రెండు ఫైళ్లు ఉండబోవడం మొదటిది. ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీలను వెతికి మెమరీలోకి తెచ్చే లోడర్ వెతికే క్రమంలో మనం కోరిన ఫైలుకు బదులు వేరొకటి ముందు దొరకడం రెండవది. రెండు ఫైళ్లూ ఒకే ప్రాసెస్‌లోకి చేరిన తరువాత వాటి సింబల్స్ (ఫంక్షన్‌ల, వేరియబుల్స్ పేర్లు) కలగలిసిపోవడం మూడవది. ఒకదానికి వేయవలసిన మందు మరొకదానికి పనిచేయదు. మాకు వచ్చిన ఉత్తరాలలో చాలామంది మొదటి చోటి మందును మూడవ చోట వేసి, ఫలితం లేక విసిగిపోయినవారే.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్ల క్రితం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ 1.1 వెర్షన్‌తో కంపైల్ చేశాము. ఉబుంటు 22.04లో అది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 దొరకలేదని చెప్పి మొదట్లోనే ఆగిపోతోంది. ఆ పాత పేరుతో ఒక సింబాలిక్ లింకు సృష్టించి, దానిని కొత్త లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 వైపు తిప్పి, ఆ లింకును మా ప్యాకేజీలోనే చేర్చి పంపవచ్చునా?

జవాబు: దయచేసి పంపకండి. దాదాపు ప్రతి షేర్డ్ లైబ్రరీ లోపలా సోనేమ్ అనే ఒక పేరు నమోదై ఉంటుంది. మీ ప్రోగ్రామ్‌ను లింకు చేసేటప్పుడు లింకర్ ఆ సోనేమ్‌నే తీసుకొని ప్రోగ్రామ్‌లోని నీడెడ్ పట్టికలో రాస్తుంది. నడిపే సమయంలో లోడర్ వెతికేది ఆ పేరునే. అందువల్ల సోనేమ్ కేవలం ఫైలు పేరు కాదు. ఈ పేరు మారనంత వరకు తనను నమ్ముకొని కంపైల్ అయిన ప్రోగ్రామ్‌లన్నీ యథాతథంగా నడుస్తాయని లైబ్రరీ రచయిత ఇచ్చిన మాట అది. 1.1 నుంచి 3కు పేరు మార్చారంటే, పాత మాట ఇక చెల్లదని వారే ప్రకటించారన్నమాట. ఆ ప్రకటనను సింబాలిక్ లింకుతో కప్పిపుచ్చితే లోడర్‌కు మనం అబద్ధం చెప్పినట్లే అవుతుంది.

ఈ సందర్భంలో ఆ అబద్ధం వెంటనే బయటపడుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని సింబల్స్‌కు వెర్షన్ ముద్రలు ఉన్నాయి. పాత లైబ్రరీలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 అనే ముద్ర ఉంటే, కొత్తదానిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3.0.0 అనే ముద్ర ఉంది. మీ ప్రోగ్రామ్ పాత ముద్రను అడుగుతుంది, కొత్త ఫైలులో అది కనబడదు, లోడర్ అక్కడికక్కడే నిరాకరిస్తుంది. ఇది మీ అదృష్టమనే అనుకోవాలి. వెర్షన్ ముద్రలు లేని లైబ్రరీ అయితే ప్రోగ్రామ్ మొదలవుతుంది, కొంతకాలం నడుస్తుంది కూడా. ఆ తరువాత, ఏదో ఒక స్ట్రక్చర్ పరిమాణం పాత లెక్కకు సరిపోక, పక్కనున్న మెమరీ చెడిపోయి, అసలు కారణానికి ఏ సంబంధమూ లేని చోట ప్రోగ్రామ్ కూలిపోతుంది. అటువంటి తప్పును వెతికి పట్టుకోవడానికి రోజులు పడుతుంది. పైగా ఆ లింకు ఉమ్మడి డైరెక్టరీలో ఉంటే, మీ ప్రోగ్రామ్‌తో సంబంధం లేని మరో పాత సాఫ్ట్‌వేర్ కూడా దానినే పట్టుకొని, మీ పొరపాటుకు తాను మూల్యం చెల్లిస్తుంది.

సరైన దారి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3తో తిరిగి కంపైల్ చేయడం. 2021 సెప్టెంబరులో వచ్చిన 3.0లో కొన్ని లోపలి స్థాయి ఫంక్షన్‌లను వాడవద్దని గుర్తు పెట్టారే గాని, చాలావాటిని తీసివేయలేదు. అందువల్ల పని మీరు భయపడినంత పెద్దది కాకపోవచ్చును. సోర్స్ మీ చేతిలో లేని పక్షంలో 1.1 ప్రతిని మీ ప్యాకేజీ సొంత డైరెక్టరీలో ఉంచి నడపవచ్చును. రెండింటి సోనేమ్‌లు వేరు గనుక అవి ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉండడానికి అభ్యంతరం లేదు. అయితే 1.1.1కు బహిరంగ మద్దతు 2023 సెప్టెంబరుతో ముగిసింది. ఆ ప్రతిని మోసుకొని తిరుగుతున్నంత కాలం దానిలో బయటపడే భద్రతా లోపాలను సరిదిద్దే బాధ్యత మీదే. మారే తేదీ ఒకటి నిర్ణయించుకోకుండా ఈ మార్గంలోకి దిగవద్దని నా సలహా.

ప్రశ్న: మా డెబ్ (డెబియన్, ఉబుంటుల) ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయబోతే, ఇందులోని ఒక లైబ్రరీ ఫైలు ఇప్పటికే మరో ప్యాకేజీకి చెందినదని చెప్పి, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ ఆగిపోతోంది. ఓవర్‌రైట్‌ను బలవంతంగా చేయించే ఆప్షన్ వాడమని వాడుకరులకు చెప్పవచ్చునా? లేక ప్యాకేజీ వివరాలు రాసే కంట్రోల్ ఫైలులో ఆ ప్యాకేజీతో కాన్‌ఫ్లిక్ట్స్ (రెండూ కలిసి ఉండకూడదు) అని ప్రకటించడం మేలా?

జవాబు: మీది మొదటి రకం ఘర్షణ. మూడింటిలో ఇదే సులభమైనది, ఎందుకంటే ప్యాకేజీ మేనేజర్ స్వయంగా ఆపి మరీ చెబుతోంది. బలవంతంగా ఓవర్‌రైట్ చేయిస్తే డీపీకేజీ ఆ ఫైలు యాజమాన్యాన్ని మీ ప్యాకేజీకి బదిలీ చేస్తుంది. రేపు వాడుకరి మీ ప్యాకేజీని తొలగించినప్పుడు ఆ ఫైలు కూడా వెళ్లిపోతుంది. దాని అసలు యజమాని ఇన్‌స్టాల్ అయి ఉన్నట్లే జాబితాలో కనిపిస్తుంది గాని లైబ్రరీ మాత్రం ఉండదు. వాడుకరి అప్పుడు నిందించేది మిమ్మల్ని కూడా కాదు, ఏ పాపం ఎరుగని ఆ రెండవ సాఫ్ట్‌వేర్‌ను.

కాన్‌ఫ్లిక్ట్స్ ప్రకటన ప్యాకేజీలు నిజంగా ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలైనప్పుడు మాత్రమే న్యాయం. లైబ్రరీల విషయంలో అది ఎంత దూరం పోగలదో ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే లిబ్‌కర్ల్ చరిత్ర చూపిస్తుంది. డెబియన్‌లో ఆ లైబ్రరీ సోనేమ్ లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4గా మారిన తరువాత కూడా ప్యాకేజీ పేరు చాలాకాలం లిబ్‌కర్ల్3గానే ఉండిపోయింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1కు మారవలసి వచ్చినప్పుడు ప్యాకేజీని లిబ్‌కర్ల్4గా మార్చారు, సింబల్ వెర్షన్‌లనూ మార్చారు. కాని రెండు ప్యాకేజీలలోనూ ఉన్న ఫైలు పేరు ఒక్కటే. దాంతో ఉబుంటు 18.04లో లిబ్‌కర్ల్3ను కోరే సాఫ్ట్‌వేర్‌నూ లిబ్‌కర్ల్4ను కోరే సాఫ్ట్‌వేర్‌నూ ఒకే కంప్యూటర్‌లో ఉంచుకోవడం మామూలు పద్ధతిలో సాధ్యం కాలేదు. ఒకటి పెడితే మరొకటి తొలగిపోయేది. ఏబీఐ (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌కూ లైబ్రరీకీ మధ్య ఉండే ఒప్పందం) మారినప్పుడు సోనేమ్, ప్యాకేజీ పేరు కలిసి మారాలన్న నియమం ఎందుకుందో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

మీ లైబ్రరీ మీ ప్రోగ్రామ్‌కు మాత్రమే అవసరమైతే దానిని ఉమ్మడి లైబ్రరీ డైరెక్టరీలో పెట్టనే వద్దు. యూఎస్ఆర్ కింది లిబ్ డైరెక్టరీలో మీ ప్యాకేజీ పేరుతో ఒక ఉపడైరెక్టరీ చేసుకొని అందులో ఉంచండి. పంపిణీకి (ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ రూపానికి) బయటి సాఫ్ట్‌వేర్ అయితే ఆప్ట్ కింద ఉంచండి. అక్కడితో ఆగకుండా కొందరు ఆ డైరెక్టరీ పేరును లోడర్ వెతికే డైరెక్టరీలను నమోదు చేసే ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీలో రాసి, వాటిలోని లైబ్రరీలను క్యాష్‌లోకి ఎక్కించే ఎల్‌డీకాన్ఫిగ్ నడుపుతారు. అది ఇంటి గదికి తలుపు పెట్టి, ఆ తలుపును వీధివైపు తెరిచి ఉంచడం వంటిది. మీ సొంత ప్రతి మొత్తం సిస్టమ్‌కు కనబడుతుంది, ఫలితంగా మొదటి రకం ఘర్షణ రెండవ రకంగా మారుతుందే తప్ప తీరదు.

ఆర్‌పీఎం (ఫెడోరా వంటి పంపిణీల) ప్యాకేజీలు చేసేవారికి ఇక్కడ మరొక ఉచ్చు ఉంది. ప్యాకేజీలో ఏ లైబ్రరీ కనబడినా దాని సోనేమ్‌ను ఆర్‌పీఎం తనంతట తానే ప్రొవైడ్స్ (ప్యాకేజీ అందించేవాటి) జాబితాలో చేరుస్తుంది. మీరు సొంతానికి దాచుకున్న ప్రతిని చూసి, ఈ సోనేమ్‌ను ఈ ప్యాకేజీ అందిస్తోందని డిపెండెన్సీ లెక్క నమ్ముతుంది. వేరే ఎవరో ఆ లైబ్రరీ కావాలన్నప్పుడు పంపిణీ ఇచ్చే అసలు ప్యాకేజీకి బదులు మీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయిపోయే ప్రమాదం ఉంది. లైబ్రరీ మాత్రం ఆ ప్రోగ్రామ్‌కు దొరకదు. కాబట్టి సొంత డైరెక్టరీని ప్రొవైడ్స్ నుంచి మినహాయించే మాక్రోను ప్యాకేజీ తయారీ సూచనలు ఉండే స్పెక్ ఫైలులో తప్పక రాయాలి. అవే సోనేమ్‌లను రిక్వైర్స్ (ప్యాకేజీ కోరేవాటి) జాబితా నుంచి కూడా మినహాయించాలి, లేకపోతే మీ ప్యాకేజీ తన దగ్గరే ఉన్నదానిని బయటి నుంచి కోరుతుంది. డెబియన్ వైపు సొంత డైరెక్టరీ ఎక్కడుందో, ప్యాకేజీకి కావలసిన లైబ్రరీలను లెక్కించే డీపీకేజీ-ష్‌లిబ్‌డెప్స్‌కు ఎల్ ఆప్షన్‌తో చెబితే సరిపోతుంది.

ఇదే వరుసలో ఇంకొక వింత ఘర్షణను ఒక పాఠకురాలు పంపారు. రెండు ఆర్‌పీఎం ప్యాకేజీలు వేర్వేరు డైరెక్టరీలలో ఉన్నా, యూఎస్ఆర్ లిబ్ కింది బిల్డ్-ఐడీ (బైనరీలో రాసి ఉండే గుర్తింపు సంఖ్య) లింకుల దగ్గర ఢీకొంటున్నాయి. రెండింటిలోనూ ముందే కంపైల్ అయిన ఒకే బైనరీ ప్రతి ఉండడమే దానికి కారణం. బిల్డ్-ఐడీ ఒకటే గనుక లింకు పేరు ఒకటే అవుతుంది, కాని అవి చూపే ఫైళ్లు వేరు. స్పెక్ ఫైలులో బిల్డ్-ఐడీ లింకులను సృష్టించవద్దని ఒక్క వరుస రాస్తే అది తీరిపోతుంది.

ప్రశ్న: మీరు చెప్పే పద్ధతిలోనే మేము లైబ్రరీలను సొంత డైరెక్టరీలో పెట్టి, ప్రోగ్రామ్‌కు ఆర్‌పాత్ (లైబ్రరీలను వెతకవలసిన దారిని బైనరీలోనే రాసే నమోదు) ఇచ్చాము. ప్రోగ్రామ్ నేరుగా కోరే లైబ్రరీలు మా డైరెక్టరీ నుంచే వస్తున్నాయి. ఆ లైబ్రరీలు కోరే ఇతర లైబ్రరీలు మాత్రం సిస్టమ్ నుంచి వచ్చి చేరుతున్నాయి. విసుగుతో ఒక షెల్ స్క్రిప్టు రాసి, అందులో లైబ్రరీలను వెతకవలసిన దారి చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ప్రోగ్రామ్‌ను నడిపాము. అది పనిచేసింది. కాని ఇప్పుడు మా ప్రోగ్రామ్‌లోని లింకును నొక్కితే తెరుచుకోవలసిన వెబ్ బ్రౌజర్ కూలిపోతోంది.

జవాబు: మీ ఉత్తరంలో రెండు సమస్యలు ఉన్నాయి, రెండూ లోడర్ వెతికే క్రమం నుంచి పుట్టినవే. గ్లిబ్‌సీ (లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ) లోడర్ ముందుగా బైనరీలోని ఆర్‌పాత్‌ను చూస్తుంది, అయితే రన్‌పాత్ అనే కొత్త రకపు నమోదు కూడా ఉంటే ఆర్‌పాత్‌ను పట్టించుకోదు. తరువాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్, ఆ తరువాత రన్‌పాత్, పిమ్మట ఎల్‌డీకాన్ఫిగ్ తయారుచేసిన క్యాష్, చివరగా మామూలు సిస్టమ్ డైరెక్టరీలు వస్తాయి. ఆర్‌పాత్, రన్‌పాత్ అన్న రెండు పేర్లను మనం మాటల్లో కలిపేస్తాము గాని వాటి నడతలో పెద్ద తేడా ఉంది. పాత ఆర్‌పాత్ ప్రోగ్రామ్ కోరిన లైబ్రరీలకే కాక, అవి కోరిన లైబ్రరీలకూ, మొత్తం చెట్టుకూ వర్తించేది. రన్‌పాత్ అది రాసి ఉన్న బైనరీ నేరుగా కోరిన లైబ్రరీలకు మాత్రమే వర్తిస్తుంది. లింకర్‌కు మీరు ఆర్‌పాత్ అనే పేరుతోనే ఆప్షన్ ఇచ్చినా, నేటి చాలా పంపిణీలలో అది బైనరీలో రాసేది రన్‌పాత్‌నే. మీకు జరిగింది సరిగ్గా ఇదే. బైనరీలోని వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్‌ను డీ ఆప్షన్‌తో నడిపి చూస్తే ఏది నమోదైందో కనబడుతుంది.

దీనికి చికిత్స ఏమిటంటే, ప్రోగ్రామ్‌కే కాక మీరు కలిపి పంపే ప్రతి లైబ్రరీకీ దాని సొంత రన్‌పాత్ ఇవ్వడం. నిక్స్‌ఓఎస్ వారు రూపొందించిన ప్యాచ్‌ఎల్ఫ్ ఈ పనిని కంపైల్ అయిన ఫైలు మీదనే చేస్తుంది. పూర్తి దారి రాయకుండా డాలర్ గుర్తుతో మొదలయ్యే ఒరిజిన్ అనే పదాన్ని వాడండి. ఆ పదం ఉన్నచోట, ఆ బైనరీ ఏ డైరెక్టరీలో ఉందో లోడర్ దానినే అనుకుంటుంది. లైబ్రరీలన్నీ ఒకే డైరెక్టరీలో ఉంటే వాటికి ఒరిజిన్ ఒక్కటే చాలు, ప్రోగ్రామ్‌కు ఒరిజిన్ నుంచి లిబ్ వైపు వెళ్లే దారి రాయాలి. చాలామందిని బాధించే ఒక చిన్న విషయం ఇక్కడ చెప్పాలి. షెల్‌లోనూ మేక్‌ఫైల్‌లోనూ డాలర్ గుర్తుకు వేరే అర్థం ఉంది. షెల్‌లో ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉంచకపోతే, మేక్‌ఫైల్‌లో డాలర్‌ను రెండుసార్లు రాయకపోతే, బైనరీలోకి వెళ్లేది ఒరిజిన్ కాదు, ఏదో శిథిలమైన ముక్క. బిల్డ్ మాత్రం ఏ హెచ్చరికా లేకుండా పూర్తవుతుంది. అందుకే ప్యాకేజీ చేసిన ప్రతిసారీ రీడ్‌ఎల్ఫ్‌తో తుది ఫైలును చూసే అలవాటు చేసుకోండి.

ఇక బ్రౌజర్ సంగతి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒక ప్రాసెస్‌కు పరిమితం కాదు, దాని నుంచి పుట్టిన ప్రతి ప్రాసెస్‌కూ వారసత్వంగా పోతుంది. మీ ప్రోగ్రామ్ బ్రౌజర్‌ను తెరిచినప్పుడు అది మీ డైరెక్టరీలోని పాత లైబ్రరీలను తనవే అనుకొని ఎక్కించుకుంది. మీ రహస్య గదిలోని సామాను పొరుగువారి ఇంట్లో చేరినట్లయింది. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు ఉపయోగపడే సాధనం, ప్యాకేజీతో పాటు పంపవలసినది కాదు. సెట్‌యూఐడీ (ఫైలు యజమాని అధికారాలతో నడిచే) ప్రోగ్రామ్‌ల విషయంలో భద్రత కోసం లోడర్ దానిని లెక్కచేయదు కూడా. ఏదైనా కారణం చేత దానిని వాడక తప్పకపోతే, బయటి ప్రోగ్రామ్‌ను తెరిచే ముందు పాత విలువను తిరిగి పెట్టే ఏర్పాటు చేయండి.

లోడర్ నిజంగా ఏ ఫైలును ఎక్కడి నుంచి తెచ్చిందో తెలుసుకోవడానికి ఎల్‌డీ_డీబగ్ అనే వేరియబుల్‌కు లిబ్స్ అన్న విలువ ఇచ్చి ప్రోగ్రామ్‌ను నడపండి. వెతికిన ప్రతి దారీ వరుసగా కనబడుతుంది. ప్రోగ్రామ్ కోరే లైబ్రరీల జాబితా చూపే ఎల్‌డీడీ కూడా పనికి వస్తుంది గాని, కొన్ని పరిస్థితులలో అది చూడమన్న ప్రోగ్రామ్‌నే నడపవచ్చును. కనుక నమ్మకం లేని బైనరీ మీద దానిని ప్రయోగించవద్దు, ఆబ్జ్‌డంప్‌తో నీడెడ్ వరుసలను చదివితే చాలు.

ప్రశ్న: మా ప్లగిన్ ఒక పెద్ద ప్రోగ్రామ్‌లో లోడ్ అవుతుంది. ఆ ప్రోగ్రామ్ ఒక చిత్రాల లైబ్రరీ పాత వెర్షన్‌ను వాడుతుంది, మాకు కొత్తది కావాలి. రన్‌పాత్ అంతా సరిగానే ఉంది, అయినా మా ప్లగిన్ పాత లైబ్రరీలోకి వెళ్లి కూలిపోతోంది. రెండింటినీ కలిపి నడిపే ఉపాయం ఉందా?

జవాబు: ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడ్చాలంటున్నారు. ఉపాయాలు ఉన్నాయి గాని, దేనికి ఎంత హద్దో తెలిసి వాడాలి.

రెండు లైబ్రరీల సోనేమ్ ఒకటే అయితే మీ రన్‌పాత్ వరకు విషయం రానే రాదు. ఒక సోనేమ్‌తో ఒక లైబ్రరీ అప్పటికే ప్రాసెస్‌లో ఉంటే, అదే సోనేమ్‌ను మళ్లీ ఎవరు కోరినా లోడర్ డిస్కు వైపు చూడకుండా ఉన్నదానినే ఇచ్చేస్తుంది. దీనిని దాటడానికి పైథాన్ వీల్స్ (పైథాన్ ప్యాకేజీ ఫైళ్లు) తయారీలో వాడే ఆడిట్‌వీల్ ఒక మంచి మార్గం చూపింది. అది వీల్‌లోకి కాపీ చేసిన ప్రతి లైబ్రరీ పేరుకూ ఒక హ్యాష్ తగిలించి, సోనేమ్‌ను మార్చి, దానిని కోరే బైనరీలలోని నీడెడ్ వరుసను కూడా కొత్త పేరుకు సరిదిద్దుతుంది. పేరు ప్రత్యేకమైపోతుంది గనుక లోడర్ పొరబడే అవకాశం లేదు. ప్యాచ్‌ఎల్ఫ్‌లో సోనేమ్‌ను మార్చే ఆప్షన్, నీడెడ్‌ను మార్చే ఆప్షన్ రెండూ ఉన్నాయి, మీరూ ఇదే చేయవచ్చును.

పేరు మార్చిన తరువాత రెండు ఫైళ్లూ ప్రాసెస్‌లోకి వస్తాయి. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. ఎల్ఫ్ (లినక్స్ బైనరీ ఫైళ్ల) పద్ధతిలో ఒక ఫంక్షన్ ఏ లైబ్రరీదో నీడెడ్ పట్టిక నిర్ణయించదు. సింబల్ పేరును పట్టుకొని లోడర్ ముందుగా గ్లోబల్ పరిధిలో, అంటే ప్రధాన ప్రోగ్రామ్‌లోనూ దానితో పాటు మొదట వచ్చిన లైబ్రరీలలోనూ వెతికి, మొదట దొరికినదానికి ముడివేస్తుంది. మీ ప్లగిన్ కొత్త లైబ్రరీతో లింకు అయినా, అదే పేరు గల ఫంక్షన్ పాత లైబ్రరీలో ముందు దొరికితే పిలుపు అక్కడికే పోతుంది. ఇంకా దారుణమైన సంగతి ఏమిటంటే, మీ కొత్త లైబ్రరీ తనలో తాను చేసుకునే పిలుపులు కూడా కొన్ని పాతదానిలోకి పోవచ్చును. ప్లగిన్‌ను ఆర్‌టీఎల్‌డీ_లోకల్‌తో తెరిచినా ఇది ఆగదు. ఆ ఫ్లాగు మీ సింబల్స్ ఇతరులకు కనబడకుండా చేస్తుందే గాని, మీరు గ్లోబల్ పరిధిని ముందు చూడకుండా ఆపదు.

సింబల్స్‌కు వెర్షన్ ముద్రలు ఉంటే, రెండు వెర్షన్‌ల ముద్రలు వేరైతే, ఈ గందరగోళం చాలావరకు తప్పుతుంది. లోడర్ పేరుతో పాటు ముద్రను కూడా సరిచూస్తుంది. ఆ లైబ్రరీని మీరే కంపైల్ చేసి పంపుతున్నారు కనుక ఒక వెర్షన్ స్క్రిప్టుతో మీ సొంత ముద్ర వేసుకోవడం కష్టం కాదు. నా అభిప్రాయంలో అంతకంటే శుభ్రమైనది, ఆ లైబ్రరీని స్టాటిక్‌గా ప్లగిన్‌లోనే కలిపేసి, ఎక్స్‌క్లూడ్-లిబ్స్ అనే లింకర్ ఆప్షన్‌తో దాని సింబల్స్ అన్నింటినీ దాచివేయడం. అప్పుడు ప్లగిన్ బయటికి చూపేది ప్రధాన ప్రోగ్రామ్ కోరిన నాలుగైదు ఫంక్షన్‌లు మాత్రమే అవుతుంది, ఢీకొనడానికి పేర్లే ఉండవు. లైసెన్సు అందుకు అనుమతిస్తుందో లేదో ముందు చూసుకోండి. ఎల్‌జీపీఎల్ లైసెన్సు ఉన్న లైబ్రరీని స్టాటిక్‌గా కలిపితే, వాడుకరి దానిని మార్చి తిరిగి లింకు చేసుకోగల వీలు మీరు కల్పించవలసి ఉంటుంది.

డీఎల్‌ఎమ్‌ఓపెన్ అనే గ్లిబ్‌సీ ఫంక్షన్ లైబ్రరీలను పూర్తిగా వేరైన నేమ్‌స్పేస్‌లో తెరుస్తుంది. వినడానికి ఇదే సంపూర్ణ పరిష్కారంలా ఉంటుంది. కాని ఆ నేమ్‌స్పేస్‌లో సీ లైబ్రరీకి కూడా మరొక ప్రతి వస్తుంది. ఒకవైపు కేటాయించిన మెమరీని మరొకవైపు విడుదల చేస్తే ప్రోగ్రామ్ చెడిపోతుంది. నేమ్‌స్పేస్‌ల సంఖ్య కూడా 16కు పరిమితం.

ఏ ఉపాయం పన్నినా ఒక హద్దు మాత్రం మారదు. పాత లైబ్రరీ సృష్టించిన ఆబ్జెక్టును కొత్త లైబ్రరీ చేతికి ఇవ్వకూడదు, కొత్తది సృష్టించినదానిని పాతదానికీ ఇవ్వకూడదు. ప్రధాన ప్రోగ్రామ్ మీకు ముడి పిక్సెల్స్ ఇస్తుంటే పైన చెప్పిన పద్ధతులు చాలు. ఆ లైబ్రరీకి చెందిన స్ట్రక్చర్‌నే మీకు పంపుతుంటే మాత్రం మీరు ప్రధాన ప్రోగ్రామ్ వాడే వెర్షన్‌కే కట్టుబడాలి, లేదా మీ పనిని వేరే ప్రాసెస్‌లోకి మార్చి పైపు ద్వారా డేటా పంపుకోవాలి. వేరే ప్రాసెస్ అనగానే చాలామంది వేగం తగ్గుతుందని వెనకాడతారు. పగలూ రాత్రీ కారణం తెలియక కూలిపోయే ప్లగిన్ కంటే కొంచెం నెమ్మదైన ప్లగిన్‌ను వాడుకరులు సంతోషంగా భరిస్తారని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: అన్నీ కలిపి పంపుతున్నప్పుడు గ్లిబ్‌సీని, సీ++ ప్రోగ్రామ్‌లకు కావలసిన లిబ్‌ఎస్‌టీడీసీ++ను కూడా కలిపితే సరిపోదా? లేక ప్రోగ్రామ్‌ను సిస్టమ్ లైబ్రరీల నుంచి వేరుచేసి నడిపే ఫ్లాట్‌ప్యాక్‌కు మారిపోవడమే మంచిదా?

జవాబు: గ్లిబ్‌సీని కలపవద్దు. లోడర్, సీ లైబ్రరీ ఒకే బిల్డ్ నుంచి వచ్చిన జంట. లోడర్ దారి ప్రోగ్రామ్‌లో స్థిరంగా రాసి ఉంటుంది కనుక, సిస్టమ్ లోడర్‌తో మీ సీ లైబ్రరీ జతకడితే ప్రోగ్రామ్ మొదటి అడుగులోనే పడిపోవచ్చును. గ్లిబ్‌సీ పాత ప్రోగ్రామ్‌లను జాగ్రత్తగా కాపాడుతుంది గాని, కొత్త గ్లిబ్‌సీ మీద కంపైల్ అయినది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో థ్రెడ్ల లైబ్రరీని ప్రధాన సీ లైబ్రరీలో కలిపేశారు. దాని మీద కంపైల్ చేసిన చాలా ప్రోగ్రామ్‌లు పాత పంపిణీలలో గ్లిబ్‌సీ_2.34 దొరకలేదని ఆగిపోవడానికి ఉన్న కారణాలలో అదొకటి. మీరు మద్దతు ఇవ్వదలచిన వాటిలో అత్యంత పాత పంపిణీ మీద కంపైల్ చేయడమే దీనికి మార్గం. పైథాన్ వారి మెనీలినక్స్2014 ప్రమాణం సెంటాస్ 7ను, దానిలోని గ్లిబ్‌సీ 2.17ను ఆధారం చేసుకున్నది ఇందుకే.

లిబ్‌ఎస్‌టీడీసీ++ సంగతి కొంచెం సున్నితమైనది. దాని సోనేమ్ 6గానే చాలా ఏళ్లుగా నిలిచి ఉంది, కొత్తది పాతదాని స్థానంలో సాధారణంగా సరిపోతుంది. మీ పాత ప్రతి ముందు లోడ్ అయితే, ఆ తరువాత వచ్చే సిస్టమ్ గ్రాఫిక్స్ డ్రైవర్‌కు తాను కోరే కొత్త సింబల్స్ కనబడక ప్రోగ్రామ్ విండో తెరుచుకోదు. కలపక తప్పకపోతే, సిస్టమ్‌లోని ప్రతి మీదానికంటే పాతదైనప్పుడు మాత్రమే మీది వాడేటట్లు మొదలుపెట్టే స్క్రిప్టులో సరిచూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌కు చెందిన లైబ్రరీలను ఎప్పుడూ కలపవద్దు.

ఫ్లాట్‌ప్యాక్ మొదటి రెండు రకాల ఘర్షణలను నిజంగానే తీరుస్తుంది, ఎందుకంటే ప్రోగ్రామ్‌కు కనబడే లైబ్రరీల లోకమే వేరు. మూడవ రకాన్ని అది తాకదు. ఇంతకుముందు ఉత్తరం రాసిన ప్లగిన్ రచయితకు ఫ్లాట్‌ప్యాక్ లోపల కూడా అదే గతి పడుతుంది. కలిపి పంపే లైబ్రరీల భద్రత బాధ్యత కూడా తగ్గదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ చిత్రాలను చదివే లిబ్‌వెబ్‌పీలో తీవ్రమైన లోపం బయటపడినప్పుడు, పంపిణీ ఇచ్చే ఒక్క ప్యాకేజీని సరిదిద్దితే సరిపోలేదు. దానిని తమలో కలుపుకొని తిరుగుతున్న ప్రతి సాఫ్ట్‌వేరూ వేరువేరుగా కొత్త విడుదల చేయవలసి వచ్చింది. మీరు ఏ వెర్షన్‌లను కలిపారో ప్యాకేజీలోనే ఒక జాబితాగా రాసి ఉంచండి.

ప్రశ్న: నేను ఒక చిన్న సీ లైబ్రరీ రచయితను. ఈ విడుదలలో ఒక స్ట్రక్చర్ మధ్యలో కొత్త ఫీల్డు చేర్చాను. ఫంక్షన్‌ల పేర్లు ఏవీ మారలేదు. సోనేమ్ మార్చాలా?

జవాబు: ఆ స్ట్రక్చర్ నిర్వచనం బయటి హెడర్‌లో ఉంటే మార్చాలి. మీ లైబ్రరీని వాడే ప్రోగ్రామ్ పాత హెడర్ ప్రకారం పరిమాణాన్నీ, ఫీల్డుల స్థానాలనూ తనలో స్థిరంగా రాసుకొని ఉంటుంది. పేర్లు మారలేదు గనుక లోడర్ ఏ అభ్యంతరమూ చెప్పదు, తప్పు మెమరీలో జరుగుతుంది. నిర్వచనం లోపలే ఉండి, వాడుకరులకు పాయింటర్ మాత్రమే తెలిస్తే మార్చనవసరం లేదు. సందేహం ఉంటే లిబ్‌అబిగెయిల్‌లోని అబిడిఫ్‌తో పాత, కొత్త ఫైళ్లను పోల్చి చూడండి. లైబ్రరీల తయారీ సాధనమైన లిబ్‌టూల్ వాడుతుంటే కరెంట్, రివిజన్, ఏజ్ అన్న మూడు సంఖ్యలకూ విడుదల వెర్షన్‌కూ సంబంధం లేదని గుర్తుంచుకోండి. లినక్స్‌లో సోనేమ్ సంఖ్య కరెంట్ నుంచి ఏజ్‌ను తీసివేస్తే వచ్చేది. పాతదానితో పొంతన తెగిపోయినప్పుడు కరెంట్‌ను ఒకటి పెంచి మిగిలిన రెండింటినీ సున్నా చేయాలి.

సోనేమ్ మారకుండా ఏబీఐ మాత్రం మారితే ప్యాకేజీలు చేసేవారికి ఎంత పని పడుతుందో 2024లో డెబియన్, ఉబుంటులలో చూశాము. సమయాన్ని సెకన్లలో దాచే 32 బిట్ల టైమ్_టీ 2038 జనవరిలో నిండిపోతుంది కనుక, 32 బిట్ల ఏఆర్‌ఎమ్ వంటి వాటిలో దానిని 64 బిట్లకు మార్చారు. లైబ్రరీల సోనేమ్‌లు మార్చడం ఒక్క పంపిణీ చేతిలో లేని పని గనుక, ప్రభావితమైన ప్యాకేజీల పేర్ల చివర టీ64 అని చేర్చవలసి వచ్చింది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 అన్నది లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయిన సందర్భం అదే. ఏబీఐ మారని 64 బిట్ల ఏఎమ్‌డీ కంప్యూటర్లలో కొత్త ప్యాకేజీ పాత పేరును కూడా ప్రొవైడ్స్‌గా ప్రకటిస్తుంది, అందువల్ల అక్కడ పాత డెబ్ ఫైళ్లు ఇప్పటికీ ఇన్‌స్టాల్ అవుతున్నాయి.

మీ విషయంలో సోనేమ్‌ను ఒక సంఖ్య పెంచండి, ప్యాకేజీ పేరులోనూ అదే సంఖ్య ఉంచండి, సింబల్స్‌కు ఇప్పటి నుంచే వెర్షన్ ముద్రలు వేయండి. లైబ్రరీ ప్యాకేజీలో సోనేమ్ సంఖ్య లేని పేరు గల ఫైలు, ఉదాహరణకు ఉమ్మడి కాన్ఫిగరేషన్ ఫైలు, ఏదీ ఉండకుండా చూసుకోండి. అటువంటి ఒక్క ఫైలు ఉన్నా పాత, కొత్త ప్యాకేజీలు పక్కపక్కన నిలవలేవు. దానిని వేరే ప్యాకేజీలోకి మార్చండి. పాత ప్యాకేజీని, దానిని కోరే ప్రోగ్రామ్‌లన్నీ తిరిగి కంపైల్ అయ్యేంత వరకు రిపాజిటరీలో ఉంచండి.